తూకం నిలిచే చోటు

మ్యాపులో మా ఓస్కెల్ కౌంటీ ఒక అట్టముక్క.
మూడు పక్కలా స్కేలు పెట్టి గీశారు,
నాలుగో పక్క ఏటికి వదిలేశారు.
క్రేన్ క్రీక్ పేరుకే ఏరు.
వరదొచ్చిన ఏడు మాత్రం
రెండెకరాలు అవతలి కౌంటీకి ఇచ్చేసి వస్తుంది,
ఎవరి సంతకమూ అడగదు.

ఇక్కడ చెట్టు కనపడిందంటే
ఎవరో నాటారనే అర్థం,
వాళ్ల ఇల్లు కూలిపోయినా సరే.
మిగతాదంతా గడ్డి కప్పుకున్న ఇసుక,
గడ్డి పట్టు వదిలితే లేచి నడిచిపోయే దిబ్బలు.
కింద మాత్రం నీళ్లు.
పల్లంలో ఎనిమిదడుగులు తవ్వితే చాలు,
చల్లగా పారకు తగులుతాయి.

ఏడు వందల పదహారు చదరపు మైళ్లు,
నాలుగు వందల ముప్పై ఒక్క మంది.
పశువుల్ని లెక్కపెట్టడానికి వేరే వాళ్లొస్తారు,
వాళ్లకి భోజనం కూడా పెడతారు.
మనుషుల లెక్క నాది.

మామూలు రోజుల్లో ఉత్తరాలు పంచుతాను.
పదేళ్లకోసారి మెడలో కార్డు వేసుకుని
తెలిసిన గుమ్మాల్లోనే కొత్తదాన్నవుతాను.
"ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"
"నీకు తెలీదా, ఆర్డిస్?"
"తెలుసు. నువ్వు చెప్పాలి."

ఏప్రిల్ ఒకటిన ఎవరుంటే వాళ్లే లెక్క.
లాయిడ్ వెంటింక్ మూడో తారీఖున పోయాడు.
గోతి మీద మట్టి ఇంకా కుంగలేదు.
అతన్ని రాసుకున్నాను.
"ఎనభై నాలుగు" అంది ఇర్మా,
నా పెన్ను వైపే చూస్తూ,
రాసేదాకా కాఫీ పోయలేదు.

ఫీడ్‌లాట్ వెనక ట్రెయిలర్లో
యెసేనియా ఒళ్లో ఐదో తారీఖు పిల్ల,
నా చూపుడువేలు దొరకబుచ్చుకుని వదల్లేదు.
ఎడమచేత్తోనే కాగితం నింపాను.
దాన్ని రాసుకోలేదు.

బడి ఒకటే, పిల్లలు ఇరవై ముగ్గురు.
మాస్టారు డ్వెయిన్ స్టాంగిల్ వాళ్లకి లెక్క ఇచ్చాడు:
కౌంటీ అంతా బరువులేని పలక అనుకోండి.
మనుషులందరిదీ ఒకటే బరువు.
ఎవరి ఇంటి దగ్గర వాళ్లని నిలబెట్టండి.
ఒక్క వేలి మీద పలక నిలవాలంటే
వేలు ఎక్కడ పెట్టాలి?

వారం రోజులు సుద్దముక్కలు అరగదీశారు.
లాయిడ్‌ని తీసేశారు, యెసేనియా కూతుర్ని వేశారు.
మాస్టారు వద్దనలేదు.
పది పౌన్లు లేని పిల్లకి
ఎమిల్ రాష్ అంత బరువు!

తేలిన చోటు ఆ ఎమిల్ పచ్చికలోనే,
గాలిమర తొట్టికి నూటపది అడుగుల అవతల.
అందరూ బస్సెక్కి వెళ్లి
ఇనపకడ్డీకి ఎర్రగుడ్డ కట్టి పాతారు.
"నా ఆవులు గుడ్డ తినేస్తాయి" అన్నాడు ఎమిల్.
తినేశాయి.

బడి తెరిచిన వారానికే
హోల్ట్‌గ్రీవ్ వాళ్లు ఏడుగురూ వెళ్లిపోయారు.
పొలం బ్యాంకుకి, సామాను వేలానికి,
కుక్క మాకు.
పడమటి కొసన వాళ్లదొక్కటే దీపం ఉండేది.
చీకటి పడ్డాక ఆ దారిన వస్తే
ఆకాశం ఎక్కడ మొదలవుతుందో దాన్ని చూసే చెప్పేదాన్ని.

పిల్లలు మళ్లీ లెక్క కట్టారు.
తూకం పావు మైలు తూర్పుకి జరిగింది.
ఈసారి తేలింది మడుగు మధ్యలో,
జమ్ము పెరిగిన నీళ్లలో.
డ్వెయిన్ రబ్బరు బూట్లేసుకుని దిగాడు,
బూట్లు నిండాయి,
నడుముదాకా వెళ్లి కడ్డీ గుచ్చి వచ్చాడు.
గట్టు మీద పిల్లలు చప్పట్లు కొట్టలేదు.
హోల్ట్‌గ్రీవ్ వాళ్ల చిన్నాడు
వాళ్ల తరగతే కదా.

నిన్న ఉత్తరాలైపోయాక అక్కడ బండి ఆపాను.
కుక్క సీట్లో పడమటికి తిరిగి కూర్చుంది.
కడ్డీ మీద ఎర్రభుజాల నల్లపిట్ట
ఎక్కణ్ణించి వచ్చిందో, వాలింది.
కడ్డీ కొంచెం వంగింది.